కత్తి కొనేముందు: బోవీ నుంచి కోనసముద్రం దాకా



వేసవి శిబిరాలు దగ్గరపడినా, ఆకురాలు కాలంలో జింకల వేట మొదలైనా, మనవాళ్ళ ఇళ్ళలో ఒక ప్రశ్న వినిపిస్తుంది. "మావాడు స్కౌట్స్‌లో చేరాడండీ, కత్తి కావాలంటున్నాడు. ఏది కొనాలి?" అని. పక్కనే ఉన్న బామ్మగారు "పసివాడి చేతికి కత్తేమిటి నాయనా!" అంటారు. రెండూ న్యాయమైన మాటలే. జవాబు చెప్పడానికి నేను దుకాణం దగ్గర కాకుండా చరిత్ర దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే పెద్ద కత్తా, చిన్న కత్తా అన్న వాదన ఈ దేశంలో దాదాపు రెండు వందల ఏళ్ళుగా నడుస్తోంది.

1827 సెప్టెంబర్ 19న మిసిసిపీ నదిలో, నాచెజ్ పట్నం దగ్గరి ఇసుకమేట మీద ఇద్దరు పెద్దమనుషులు పిస్తోళ్ళతో ద్వంద్వయుద్ధానికి దిగారు. ఇద్దరి గురీ తప్పింది, చేతులు కలుపుకున్నారు. కానీ వెంట వచ్చినవాళ్ళు కలబడ్డారు. ఆ కొట్లాటలో తూటా దెబ్బలూ కత్తిపోట్లూ తిన్న జిమ్ బోవీ, తన పెద్ద కత్తితో ప్రత్యర్థిని చంపాడు. పత్రికలు ఆ కథను ఊరూరా చాటాయి. 1836లో ఆయన అలమో కోటలో చనిపోయాక ఆ పేరు మరింత పెరిగింది. ఇంగ్లండులోని షెఫీల్డ్ నుంచి కూడా బోవీ కత్తులు ఓడలెక్కి ఇక్కడికి వచ్చాయి. విచిత్రమేమిటంటే, ఆయన ప్రాణం విడిచిన టెక్సస్‌లోనే బోవీ కత్తి పెట్టుకుని బయట తిరగడం నేరంగా ఉండేది. ఆ నిషేధం 2017 సెప్టెంబర్ 1న గానీ పోలేదు.

గమనించండి, ఆ కత్తికి పేరు తెచ్చింది కొట్లాట. అడవిలో చేసే పని కాదు.

అడవిలో పనిచేసినవాళ్ళ చేతుల్లో ఏముండేది? మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌లో జాన్ రసెల్ 1834లో కర్మాగారం పెట్టి, తర్వాత కత్తులు తయారుచేశాడు. గ్రీన్ రివర్ ముద్రతో రాకీ పర్వతాల దాకా వెళ్ళిన ఆ కత్తులు చూస్తే, మన వంటింటి కత్తులకు అన్నదమ్ముల్లా ఉంటాయి. సన్నటి రేకు, చెక్క పిడి, అంతే. ఆ తర్వాత 1884లో నెస్‌మక్ అనే కలంపేరుతో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ అడవి జీవితం మీద పుస్తకం రాశాడు. దుకాణాల్లో అమ్మే భారీ వేట కత్తులు మొద్దుగా ఉండి పనికి అడ్డమని ఆయన అభిప్రాయం. ఆయన తన వెంట ఉంచుకున్నవి చిన్న గొడ్డలి, పలచటి చిన్న కత్తి, ఒక జేబుకత్తి. 1906లో పుస్తకం రాసిన హోరేస్ కెఫార్ట్ కూడా ఇంచుమించు ఇదే చెప్పాడు.

కాన్సస్‌లో హాయ్ట్ బక్ అనే కమ్మరి కుర్రవాడు 1902లో అరిగిపోయిన ఆకురాళ్ళతో కత్తులు చేయడం మొదలుపెట్టాడు. ఆ కుటుంబమే 1964లో బక్ 110 అనే మడత కత్తి తెచ్చింది. తెరిస్తే తాళం పడి, పొరపాటున వేళ్ళ మీద మూసుకోదు. రేకు నాలుగంగుళాలు కూడా ఉండదు. వేటగాళ్ళు పెద్ద కత్తులు పక్కనపెట్టి దాన్నే నడుముకు తగిలించుకున్నారు.

ఈ చరిత్రంతా కలిపి చూస్తే కొనేవాళ్ళకు కొన్ని సంగతులు బోధపడతాయి. మామూలు పనులకు, అంటే తాడు కోయడానికి, పండు తరగడానికి, పుల్లలు చెక్కడానికి మూడంగుళాల మడత కత్తి చాలు. వేటకైతే నాలుగంగుళాల లోపు, మొన కాస్త కిందికి వాలిన కత్తి మేలు. జింక చర్మం ఒలిచేటప్పుడు మొన లోపలి పేగులకు గుచ్చుకోదు. దారి తప్పిన వేళకు ఉంచుకునేదైతే మడవనిదే కావాలి. రేకు ఇనుము పిడి చివరిదాకా ఒకే ముక్కగా సాగి ఉండాలి. అప్పుడే కత్తి వీపు మీద కర్రతో కొట్టి కట్టె చీల్చినా పిడి ఊడదు. కార్బన్ ఉక్కు తేలిగ్గా పదునెక్కుతుంది, కానీ తడి తుడవకపోతే తుప్పు పడుతుంది. తుప్పుపట్టని ఉక్కు చేపలకూ వానకూ మంచిది. ఏది కొన్నా సానరాయి కూడా కొనండి. మన ఊళ్ళో కొడవలి మొద్దుబారితే కక్కు కొట్టించడానికి కమ్మరి ఉండేవాడు. ఇక్కడ ఆ కమ్మరి మీరే.

ఇక దుకాణంలో మనవాళ్ళు ఆగిపోయే చోటు ఒకటుంది. నీటి అలల్లాంటి గీతలతో మెరిసే "డమాస్కస్" కత్తుల అర. వాటిని చూసినప్పుడల్లా నాకు నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం గుర్తొస్తుంది. హెన్రీ వాయ్‌సీ అనే సర్వే అధికారి 1820ల్లో అక్కడి కొలుముల పని చూసి రాశాడు. ఆ వ్యాసం 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలిపి, మట్టి మూసల్లో కరిగించి ఉక్కు ముద్దలు చేసేవారట. వాటి కోసం ఇస్ఫహాన్ నుంచి పారశీక వర్తకుడు వచ్చి కాచుకుని ఉన్నాడు. తమ దేశంలో చేయబోతే కుదరలేదని అతనే చెప్పాడు. దక్షిణాదిలో ఇలా చేసిన ఉక్కును ఐరోపావాళ్ళు "వూట్జ్" అన్నారు. అది మన "ఉక్కు" మాటే అంటారు పండితులు. అలాంటి ఉక్కుతో సాగగొట్టిన కత్తులకు డమాస్కస్ పేరు నిలిచింది. కరిగించిన ఊరి పేరు ఎవరికీ గుర్తులేదు.

ఆ విద్య అంతరించాక, అయోవా స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు జాన్ వెర్హోవెన్, ఫ్లోరిడా కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి ఏళ్ళ తరబడి ప్రయత్నించి అలాంటి ఉక్కు చేయగలిగారు. ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వెనేడియం వంటి లోహాలే ఆ అలల రహస్యమని 1998లో ప్రకటించారు. ఒక విశ్వవిద్యాలయం, ఒక నిపుణుడైన కమ్మరి కలిసి అంత శ్రమపడితే తెలిసింది, మన కమ్మరుల చేతివాటం ఎంతటిదో!

అయితే దుకాణంలోని డమాస్కస్ అది కాదు. రెండు మూడు ఉక్కుల పొరలు పేర్చి, అతికించి, ఆమ్లంలో ముంచి గీతలు తేలుస్తారు. 1973లో బిల్ మోరన్ ప్రదర్శించిన తర్వాత ఇక్కడ ఇది బాగా వ్యాపించింది. మంచి పనివాడు చేస్తే గొప్ప కత్తే. కానీ చవకగా దొరికేవాటిలో ఏ ఉక్కు వాడారో చెప్పరు, కొన్నింటిలో గీతలు పైపై అచ్చు మాత్రమే. కాబట్టి అలలు చూసి కాదు, ఉక్కు పేరు అడిగి కొనండి.

చివరగా బామ్మగారి మాట. స్కౌట్స్‌లో "టోటిన్ చిప్" అనే కార్డు ఇస్తారు. కత్తి, గొడ్డలి వాడే పద్ధతి నేర్చుకుంటేనే అది వస్తుంది, నియమం తప్పితే పోగొట్టుకోవచ్చు. చుట్టూ చేతి దూరంలో ఎవరూ ఉండకూడదు, మూసి గాని ఇంకొకరికి అందించకూడదు. ఇవి ఇంట్లో మీరూ నేర్పవచ్చు. కత్తి బడి సంచిలోకి, విమానంలో చేతిసంచిలోకి ఎప్పుడూ పోకూడదు. రాష్ట్రానికో చట్టం ఉంది, చూసుకోండి.

పిల్లవాడికి మొదటి కత్తి ఇచ్చేటప్పుడు దానితోపాటు కోనసముద్రం కథ కూడా చెప్పండి. ఉక్కు అనే మాట అమెరికాలో పుట్టిన పిల్లల నోట పలకడానికి అంతకన్నా మంచి సందర్భం నాకు తోచడం లేదు.

సెలవు.