కళాయి పొయ్యి నుంచి ఫోన్ బోర్డు దాకా: ఫ్లక్స్ కథ

మా సిరికొండ, బోధన్ వైపు పెద్దవాళ్లని కళాయి గురించి అడగండి. బాగా కాగిన ఇత్తడి గిన్నెలో నవసాగరం చల్లితే తెల్లటి పొగ లేస్తది, లోహం మీది మకిలి పోయి తగరం అంటుకుంటది. ఫ్లక్స్ చేసే పని అదే.

కానీ నవసాగరం ఒక ఉప్పు. గిన్నెనైతే నీళ్లతో కడిగేస్తాం. ఫోన్ బోర్డులో చిన్న ఎస్ఎండీ పార్టుల కింద మిగిలిన ఉప్పు తేమ పట్టి, సన్నటి రాగి గీతల్ని తినేస్తది. అందుకే రేడియోల కాలంలోనే ఎలక్ట్రానిక్స్ వాళ్లు రోజిన్‌కి మారారు. అది పైన్ చెట్టు జిగురు. కరిగినప్పుడు పనిచేస్తుంది, చల్లారితే గట్టిపడి ఊరుకుంటుంది.

ఫ్యాక్టరీలు ఆ జిగురుని సీఎఫ్‌సీ-113తో కడిగేవి. ఓజోన్ పొరను కాపాడే 1987 మాంట్రియల్ ఒప్పందం దానికి బ్రేక్ వేసింది. కడగక్కర్లేని 'నో-క్లీన్' ఫ్లక్స్ అప్పుడు ఊపందుకుంది.

తిరకాసు ఇక్కడుంది. నో-క్లీన్ లెక్క బోర్డు మొత్తం వేడెక్కే ఓవెన్‌ది. మన చేతి ఐరన్ దగ్గర పక్కకి పారిన ఫ్లక్స్ సరిగ్గా కాగదు, అందులోని యాసిడ్ అట్లనే ఉంటది. అందుకే నేను నో-క్లీన్ జెల్ వాడినా, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బ్రష్‌తో తుడుస్తా. డబ్బా మీద జింక్ క్లోరైడ్ అని కనిపిస్తే మాత్రం అది రేకుల పనికి, ఫోన్‌కి కాదు.