బీమా లేని వాహన ప్రమాదాలు - నష్టపరిహారం (నిజామాబాదు జిల్లా)

బీమా లేని వాహనం వలన రోడ్డు ప్రమాదం జరిగినపుడు గాయపడినవారు, మృతుల కుటుంబసభ్యులు పొందదగిన నష్టపరిహారం మోటారు వాహనాల చట్టం, 1988 పరిధిలోకి వస్తుంది. వాహనానికి బీమా ఉన్నచో సాధారణంగా బీమా సంస్థ పరిహారం చెల్లిస్తుంది. లేనిచో ఆ భారం యజమాని, డ్రైవరులపై పడుతుంది. బాధితుని హక్కు రెండు సందర్భాలలోనూ ఒక్కటే, కాని డబ్బు చేతికి వచ్చే మార్గం మాత్రం వేరు. నిజామాబాదు పట్టణంలోను, బోధన్ చుట్టుపక్కల చెరుకు ప్రాంతంలోను ట్రాక్టరు ట్రాలీలు, చేతులు మారిన మోటారు సైకిళ్ళు, పొరుగు రాష్ట్రపు లారీలు ఒకే రోడ్డుపై తిరుగుతుంటాయి. అందువలన ఈ విషయానికి ఇక్కడ ప్రాముఖ్యం ఉన్నది.

ప్రాంత నేపథ్యం

మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు వలన ఈ ప్రాంతంలో చెరుకు సాగు విస్తరించింది. 1930వ దశకంలో బోధన్ శక్కర్ నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళిన ఈ కర్మాగారంలో 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గానుగ ఆపివేశారు. ఆ తరువాత రైతులు చెరుకును మరింత దూరంలోని కర్మాగారాలకు పంపవలసి వచ్చింది.

44వ జాతీయ రహదారి ఆర్మూరు, ఇందల్వాయి మీదుగా పోతుంది. 63వ జాతీయ రహదారి బోధన్, నిజామాబాదు, ఆర్మూరులను కలుపుతుంది. బోధన్‌కు పశ్చిమాన సాలూర వద్ద మహారాష్ట్ర సరిహద్దు ఉన్నది.

బీమా విషయంలో చట్టం

చట్టంలోని సెక్షన్ 146 ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. దీనిని ఉల్లంఘించినవారికి సెక్షన్ 196 క్రింద మొదటిసారి 3 నెలల వరకు జైలు లేదా 2,000 రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చును. మరల అదే తప్పు చేసినచో జరిమానా 4,000 రూపాయలు. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కార్లకు 3 సంవత్సరాలు, కొత్త ద్విచక్ర వాహనాలకు 5 సంవత్సరాల థర్డ్ పార్టీ బీమాను ముందే తీసుకోవలసి ఉన్నది. ఈ కాలం ముగిసిన తరువాత పాలసీని పునరుద్ధరించని వాహనాలు బీమా లేని వాహనాలే అవుతాయి.

ప్రభుత్వ వాహనాలకు, రాష్ట్ర రవాణా సంస్థల బస్సులకు, ప్రత్యేక నిధి ఏర్పాటు చేసినచో, బీమా నుండి మినహాయింపు ఇచ్చే వీలు చట్టంలో ఉన్నది. అట్టి బస్సు వలన ప్రమాదం జరిగినచో పరిహారం చెల్లించవలసినది ఆ సంస్థయే.

అమెరికాలో వలె "చాలినంత బీమా లేని డ్రైవరు" అనే సమస్య మన దేశంలో ప్రాణనష్టం, గాయాల విషయంలో సాధారణంగా తలెత్తదు. 1939 నాటి పాత చట్టంలో బీమా సంస్థ బాధ్యతకు పరిమితులు ఉండేవి. 1988 చట్టం ప్రకారం మూడవ పక్షం వారి మరణం, గాయాలకు ట్రిబ్యునల్ నిర్ణయించిన మొత్తమంతా బీమా సంస్థ బాధ్యతయే. ఆస్తినష్టానికి మాత్రం పరిమితి ఉన్నది.

బాధ్యత ఎవరిది?

బీమా లేనపుడు డ్రైవరుతో పాటు వాహన యజమానిని కూడా ప్రతివాదిగా చేర్చవలెను. యజమాని అనగా రవాణా శాఖ రికార్డులలో పేరు ఉన్న వ్యక్తి. నవీన్ కుమార్ కేసులో (2018) సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. బండి అమ్మివేసి, పేరు మార్పించకుండా ఉన్నవారు, ఆ బండి ఎన్ని చేతులు మారినా, పరిహారానికి బాధ్యులవుతారు. సంతకం చేసిన కాగితాలు కొన్నవారి చేతికిచ్చి ఊరుకోవడం వలన ఈ ప్రమాదం పొంచి ఉంటుంది.

బీమా ఉండి, డ్రైవరుకు సరియైన లైసెన్సు లేకపోవడం వంటి లోపాలున్నచో బీమా సంస్థ ముందుగా బాధితునికి చెల్లించి, తరువాత యజమాని నుండి వసూలు చేసుకొనేటట్లు న్యాయస్థానాలు ఆదేశిస్తున్నాయి. స్వరణ్ సింగ్ కేసు (2004) దీనికి ఆధారం. అసలు పాలసీయే లేనపుడు ఈ సదుపాయం వర్తించదు.

ట్రాక్టరు, ట్రాలీ

చట్టం దృష్టిలో ట్రాలీ కూడా ఒక మోటారు వాహనమే. కనుక ట్రాక్టరుకు, ట్రాలీకి విడివిడిగా రిజిస్ట్రేషను, బీమా అవసరం. ట్రాక్టరుకు మాత్రమే పాలసీ తీసుకొని ట్రాలీని విడిచిపెట్టడం వలన వివాదాలు వస్తాయి. వ్యవసాయ పనులకని పాలసీ తీసుకొని ఇసుక, ఇటుకలు, మట్టి బాడుగకు తోలినచో బీమా సంస్థ అభ్యంతరం చెప్పగలదు.

రోడ్డున పోయేవారు, ఎదుటి బండిపై ఉన్నవారు మూడవ పక్షం క్రిందికి వస్తారు. చెరుకు లోడుపైన, ట్రాక్టరు మడ్‌గార్డుపైన కూర్చొని ప్రయాణించే కూలీల పరిస్థితి వేరు. బ్రిజ్ మోహన్ కేసులో (2007) వ్యవసాయానికి బీమా చేసిన ట్రాక్టరు ట్రాలీపై నుండి పడిన కూలీ విషయంలో బీమా సంస్థకు బాధ్యత లేదని సుప్రీంకోర్టు భావించింది. అయినను రాజ్యాంగంలోని 142వ అధికరణం క్రింద తన ప్రత్యేక అధికారంతో, సంస్థ ముందు చెల్లించి యజమాని నుండి రాబట్టుకోవలెనని ఆదేశించింది.

పనిలో ఉండగా ప్రమాదానికి గురైన కూలీ 2025 వరకు ఉద్యోగుల పరిహార చట్టం, 1923 క్రింద తన యజమానిపై కార్మిక శాఖ కమిషనరు వద్ద దరఖాస్తు చేసుకొనే వీలుండేది. దీనికి గడువు 2 సంవత్సరాలుగా ఉండేది. రెండు చట్టాలూ వర్తించినపుడు ఏదో ఒకదాని క్రిందనే పరిహారం కోరవలసి ఉండేది.

పరిహారం లెక్కించే విధానం

సరళా వర్మ (2009), ప్రణయ్ సేథీ (2017) కేసులలో సుప్రీంకోర్టు లెక్క పద్ధతిని నిర్ణయించింది. ఉదాహరణకు నెలకు 12,000 రూపాయలు సంపాదించే 34 సంవత్సరాల స్వయం ఉపాధి వ్యక్తి, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లిని విడిచి మరణించాడనుకొందాము.

* వార్షిక ఆదాయం: 1,44,000 రూపాయలు
* భవిష్యత్ ఆదాయపు పెరుగుదల క్రింద 40 శాతం కలుపగా: 2,01,600
* ఆధారపడినవారు నలుగురు కనుక మృతుని సొంత ఖర్చు క్రింద నాల్గవ వంతు తీసివేయగా: 1,51,200
* 31-35 సంవత్సరాల వయసుకు గుణకం 16. మొత్తం: 24,19,200 రూపాయలు

అంత్యక్రియల ఖర్చు, ఆత్మీయుని కోల్పోయినందుకు ఇచ్చే మొత్తం మొదలైనవి దీనికి అదనం. డ్రైవరు నిర్లక్ష్యాన్ని నిరూపించలేనివారు సెక్షన్ 164 క్రింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు కోరవచ్చును.

గుర్తు తెలియని వాహనం

ఢీకొట్టిన వాహనం ఏదో తెలియనపుడు 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన పథకం ప్రకారం మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇస్తారు. అంతకు పూర్వం ఈ మొత్తాలు 25,000, 12,500గా ఉండేవి. దరఖాస్తును డివిజను లేదా మండల స్థాయిలోని క్లెయిముల విచారణ అధికారికి ఇవ్వవలెను. వాహనం గుర్తు తెలిసి, దానికి బీమా లేనిచో ఈ పథకం వర్తించదు. పారిపోయిన వాహనం బాధితునికి నిధి నుండి ఎంతో కొంత అందుతుంది, దొరికిన బీమా లేని వాహనం బాధితుడు మాత్రం యజమాని వెంట తిరగవలసి వస్తుంది. ఇది చట్టంలోని ఒక లోటు.

దరఖాస్తు విధానం

సెక్షన్ 166 క్రింద దరఖాస్తును మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో దాఖలు చేయవలెను. న్యాయస్థానాలలో దీనిని ఎం.వి.ఓ.పి. అని వ్యవహరిస్తారు. ప్రమాదం జరిగిన చోట గాని, బాధితుడు నివసించే చోట గాని, ప్రతివాది నివసించే చోట గాని దాఖలు చేయవచ్చును. మహారాష్ట్ర లారీ వలన గాయపడిన బోధన్ నివాసి నాందేడ్ వెళ్ళనక్కరలేదు.

1994 సవరణ దరఖాస్తుకు కాలపరిమితిని తొలగించింది. 2019 సవరణ 6 నెలల గడువును మరల విధించింది, అది 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. గడువు దాటిందన్న కారణంతో దరఖాస్తులను కొట్టివేయరాదని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయినను 6 నెలలలోపు దాఖలు చేయడమే క్షేమం.

సాధారణంగా అవసరమయ్యే పత్రాలు:

* ఎఫ్.ఐ.ఆర్., అభియోగపత్రం
* మరణించినచో శవపరీక్ష నివేదిక, గాయపడినచో వైద్యుని ధృవపత్రం, ఆసుపత్రి బిల్లులు
* వాహన తనిఖీ నివేదిక, రిజిస్ట్రేషను వివరాలు
* వయసు, ఆదాయం, కుటుంబసభ్యుల రుజువులు

మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం పొందవచ్చును. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినచో ఆ అవార్డుపై అప్పీలు ఉండదు.

వసూలు

తీర్పు పొందడం కంటె వసూలు చేసుకోవడం కష్టం. సెక్షన్ 174 ప్రకారం ట్రిబ్యునల్ జిల్లా కలెక్టరుకు ధృవపత్రం పంపినచో ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయి వలె వసూలు చేయవచ్చును. అయితే వ్యవసాయమే జీవనాధారమైన వ్యక్తి నాగలి, ఎడ్లు, సాగు పనిముట్లు, నివాస గృహం వంటివాటికి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 జప్తు నుండి రక్షణ ఇస్తున్నది. చిన్న రైతు బీమా లేని బండితో ప్రమాదం చేసినచో బాధితుని కుటుంబానికి తీర్పు కాగితమే మిగలవచ్చును, రైతు కుటుంబం కూడా అప్పుల పాలు కావచ్చును.

ఈ కారణంగా బీమా లేని వాహనాన్ని పోలీసుల అధీనం నుండి విడిపించకుండా చూడడం ముఖ్యం. యజమాని తగిన పూచీ ఇవ్వనిచో వాహనాన్ని వేలం వేసి, వచ్చిన సొమ్మును ట్రిబ్యునల్‌లో జమచేసేటట్లు నియమాలు చేయవలెనని సుప్రీంకోర్టు 2018లో అన్ని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇతర సహాయం

2025 మే 5 నుండి అమలులోకి వచ్చిన నగదు రహిత చికిత్స పథకం క్రింద ప్రమాద బాధితునికి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల పరిమితిలో చికిత్స లభిస్తుంది. ఢీకొట్టిన వాహనానికి బీమా లేకున్నను ఇది వర్తిస్తుంది. 2018లో తెలంగాణలో ప్రారంభమైన రైతు బీమా, 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన వంటివి కుటుంబానికి వేరుగా అందే సహాయాలు.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో 1946లో ఏర్పడిన మోటారు ఇన్సూరర్స్ బ్యూరో బీమా లేని వాహనాల బాధితులకు పరిహారం చెల్లిస్తుంది. దానికయ్యే ఖర్చును బీమా సంస్థలన్నీ కలిసి భరిస్తాయి. న్యూజిలాండ్‌లో 1974 నుండి, తప్పు ఎవరిదన్న దానితో నిమిత్తం లేకుండా, ప్రమాద బాధితులకు ప్రభుత్వ పథకం ద్వారా పరిహారం అందుతున్నది.