పంజరంలో ఏ తాడు కట్టాలి? పక్షులు పెంచేవాళ్లు తెలుసుకోవాల్సినవి

నరసన్నపేట: ఈదీ డబ్బులతో పిల్లలు ముచ్చటపడి కొనుక్కొచ్చే లవ్‌బర్డ్స్ జత చాలా ఇళ్లల్లో కనిపిస్తుంది. ఆ పేరుతో మన దగ్గర అమ్మేవి ఎక్కువగా ఆస్ట్రేలియా జాతి బడ్జీలే. వాటికి ఊయల కట్టాలంటే చేతికి దొరికిన తాడు కట్టేస్తాం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఎందుకు ప్రమాదం?
పక్షి రోజంతా ముక్కుతో తాడును పీకుతూనే ఉంటుంది. లేచిన పోగులు కాలికో మెడకో చుట్టుకుంటే రక్తం ఆడదు. వేళ్లు నల్లబడతాయి, కాలు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. మింగిన పోగులు మెడ కింద గింజలు నిల్వ ఉండే సంచిలో ఉండ కట్టి అడ్డుపడతాయి.

ఇవి వద్దు
* నైలాన్, ప్లాస్టిక్ తాళ్లు, గాలం దారం, మాంజా: ఇవి తెగవు, బిగుసుకుంటాయి.
* గోనె సంచి నుంచి విప్పిన తాడు: మిల్లులో నార మెత్తబడటానికి నూనె పట్టిస్తారు. పైగా సంచికి ఎరువో మందో అంటి ఉండొచ్చు.
* రంగులు వేసిన తాళ్లు.

ఇవి పనికొస్తాయి
* కొబ్బరి పీచు తాడు: మన ఉద్దానం వైపు, కవిటి, సోంపేటల్లో కొబ్బరికి కొదవ లేదు. పీచు పొట్టిగా ఉంటుంది, లాగితే తెగిపోతుంది. గరుకు కాబట్టి ఆటవస్తువులకే వాడండి.
* కిత్తనార తాడు: రంగు, నూనె వాసన లేనిది చూసి తీసుకోండి.
* నూలు తాడు: కాళ్లకు మెత్తన. కానీ పోగులు లేస్తే వెంటనే కత్తిరించాలి. పక్షి దాన్ని తినడం మొదలుపెడితే తీసేయాలి.

కట్టే పద్ధతి
తాడు పొట్టిగా ఉండాలి. పక్షి తల దూరేలా ఉచ్చులు వదలొద్దు. కొక్కేలు స్టీలువే పెట్టండి, జింకు పూత పక్షికి విషం. కూర్చునే కొమ్మలన్నీ తాడువే పెట్టకుండా, మందు కొట్టని జామ, వేప కొమ్మలు కడిగి, ఎండబెట్టి పెట్టండి. రోజూ ఒకసారి తాడు చూసుకోండి.

చిక్కుకుంటే?
లాగొద్దు. పక్షిని మెత్తని గుడ్డలో పట్టుకుని చిన్న కత్తెరతో పోగు తెంపాలి. వాపు ఉన్నా, పోగు నోట్లోంచి వేలాడుతున్నా పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

ఇంకో మాట: రామచిలుకను పంజరంలో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. దానికి ఏ తాడూ వద్దు, చెట్టే చాలు.