ఓడ పగిలితే సరుకు ఎవరిది? ఫినీషియన్ల నుంచి మన మోటుపల్లి దాకా



బడంగ్‌పేట్‌లో మా మేడ ఎక్కితే శంషాబాద్‌కు పోయే విమానాలు కనిపిస్తాయి. పోయినేడు మా చిన్నాన్న సౌదీ నుంచి వచ్చాడు కానీ బ్యాగు రాలేదు. మధ్యలో విమానం మారిన చోట ఉండిపోయిందట. రెండు రోజులకు ఇంటికే తెచ్చి ఇచ్చారు. మనకిది మామూలే. కానీ "దారి తప్పిన సరుకు దొరికినోడిదే" అని రూలుంటే? ఒకప్పుడు చాలా సముద్ర తీరాల్లో జరిగింది అదే.

ముందు ఫినీషియన్ల సంగతి చూద్దాం. 3000 ఏళ్ల క్రితం, ఇప్పటి లెబనాన్ తీరంలో టైర్, సిడోన్, బిబ్లోస్ అనే పట్టణాలుండేవి. అందరికీ కలిపి ఒక పెద్ద రాజ్యం లేదు, ఏ ఊరి రాజు ఆ ఊరికే. వాళ్ల బలమంతా ఓడలే. దేవదారు కలప, సముద్రపు నత్తల నుంచి తీసిన ఊదారంగు, గాజు సామాను వేసుకుని స్పెయిన్ దాకా పోయారు. ఇప్పటి ట్యునీషియాలో కార్తేజ్ నగరం కట్టారు. వాళ్ల 22 అక్షరాల నుంచే గ్రీకు లిపి, దాన్నుంచి మన ఫోన్లలోని ఏబీసీడీలు వచ్చాయి.

ఇంత తిరిగినోళ్లకు ప్రతి కొత్త రేవులోనూ ఒకటే భయం. అక్కడి రాజు వ్యాపారం చేసుకోనిస్తాడా, ఉన్నది లాక్కుంటాడా?

ఈ ప్రశ్నకు జవాబు మన తెలుగు నేల మీద రాతిలో చెక్కి ఉంది. బాపట్ల జిల్లా మోటుపల్లి, కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడిలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. అందులో ఏముందంటే, తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, పాత రాజులు బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ బలవంతంగా తీసుకునేవాళ్లు. ప్రాణాలకు తెగించి వచ్చిన వ్యాపారుల సొమ్ము మేం ముట్టుకోం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అంటాడు రాజు. ఆ సుంకం కూడా 30లో 1 వంతే. కర్పూరం, ముత్యాలు, పట్టు, పగడాలు, మిరియాలు, దేనికెంతో రాసి పెట్టించాడు.

ఇది ఒట్టి జాలేనా? కాదు. కీర్తి కోసం, పుణ్యం కోసం అని శాసనమే చెప్తుంది. నా లెక్కలో వ్యాపార బుద్ధి కూడా ఉంది. పగిలిన ఓడను దోచుకుంటే లాభం ఒక్కసారే. నమ్మకం ఇస్తే ఆ వ్యాపారి మళ్లీ వస్తాడు, ఇంకో నలుగురిని తెస్తాడు. తర్వాత, అదే శతాబ్దంలో, మార్కో పోలో ఈ రేవును "ముత్ఫిలి" అని రాశాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడు లాంటి సన్నని బట్టలను మెచ్చుకున్నాడు.

ఇప్పుడు మోటుపల్లి ఒక చిన్న ఊరు. ఓడలు పోయాయి, మాట మాత్రం రాయి మీద ఉంది. ఈసారి ఎయిర్‌పోర్టులో బెల్టు దగ్గర బ్యాగు కోసం నిలబడితే, ఆ స్తంభాన్ని ఒకసారి తలుచుకోండి. మీ ఊరి గుడిలో శాసనం ఉంటే, అందులో ఏం రాసుందో కనుక్కుని నాకు చెప్పండి. ఉంటా మరి!