బైపీసీ చదివిన రైతు పిల్లలకు ఉపాధి మార్గాలు – ఉద్దానం తీర ప్రాంతం

బైపీసీ అనగానే ఎంబీబీఎస్ ఒక్కటే గుర్తొస్తుంది. మొదటిసారి సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్ కోసం పొలం తాకట్టు పెట్టే ముందు భావనపాడు, టెక్కలి, పలాస రైతులు ఈ కోర్సులను కూడా పరిశీలించాలి.

పదో తరగతి తర్వాత
వ్యవసాయ, ఉద్యాన పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా చేయవచ్చు. ఖర్చు తక్కువ, త్వరగా పనిలో చేరవచ్చు.

ఇంటర్ తర్వాత
• వ్యవసాయం: శ్రీకాకుళం దగ్గర నైరలో ప్రభుత్వ వ్యవసాయ కళాశాల ఉంది. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్లు. ఏపీ ఈఏపీసెట్ రాయాలి.
• ఉద్యానం: 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. మేలైన మొక్కలు పెంచే నర్సరీలు, తోటల యాజమాన్యం తెలిసినవారి అవసరం ఇక్కడ ఉంది.
• మత్స్యశాస్త్రం: బీఎఫ్‌ఎస్సీ నాలుగేళ్లు. రొయ్య పిల్లల హేచరీలు, పీసీఆర్ పరీక్షల ల్యాబ్‌లు, మేత కంపెనీలలో పని దొరుకుతుంది.
• ఆరోగ్యం: ల్యాబ్ టెక్నీషియన్, డయాలసిస్ టెక్నీషియన్ కోర్సులు ఉన్నాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.
• సాధారణ బీఎస్సీ: బీఈడీ చేసి టీచర్ కావచ్చు. పురుగుమందుల దుకాణం లైసెన్సుకు వృక్షశాస్త్రం లేదా జంతుశాస్త్రంతో చేసిన బీఎస్సీ అర్హతగా పనికొస్తుంది.

చేరే ముందు
• ప్రైవేటు వ్యవసాయ కళాశాలకు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) గుర్తింపు ఉందో లేదో చూడాలి. గుర్తింపు లేని చోట నాలుగేళ్లు చదివినా పైచదువు, ప్రభుత్వ ఉద్యోగం దగ్గర ఇబ్బంది వస్తుంది.
• వ్యవసాయ కోర్సులలో రైతు కోటా ఉంది. పట్టాదారు పాసుపుస్తకం, పల్లెలో చదివిన స్టడీ సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోవాలి. షరతులు ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి.
• పారామెడికల్ కోర్సుకు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో అడగాలి.

గుర్తుంచుకోవాల్సింది
రైతు సేవా కేంద్రాలలోని వ్యవసాయ, ఉద్యాన, మత్స్య సహాయకుల పోస్టులు నోటిఫికేషన్ వచ్చినప్పుడే భర్తీ అవుతాయి. అందుకే సర్కారు కొలువు రాకపోయినా బతుకుతెరువు చూపే కోర్సునే ఎంచుకోవాలి. చదివిన బిడ్డ తిరిగొచ్చి సొంత తోట, చెరువు చూసుకున్నా ఆ చదువు వృథా కాదు.