పచ్చసొన రంగు, చేప రంగు: మేతలో నాచు వర్ణకాల కథ

గుడ్డు పగలగొట్టగానే సొన ముదురు నారింజ రంగులో కనిపిస్తే అది నాటు గుడ్డనీ, బలమైనదనీ నమ్మి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అసలు ఆ రంగు ఎక్కడిదో తెలుసుకుంటే ఆ డబ్బు ఎందుకు పెడుతున్నామో తెలుస్తుంది.

పసుపు, నారింజ, ఎరుపు రంగులిచ్చే ఈ పదార్థాలను కెరోటినాయిడ్లు అంటారు. మొక్కలు, నాచు, కొన్ని సూక్ష్మజీవులు వీటిని తయారు చేసుకుంటాయి. కోడి, చేప, రొయ్య చేసుకోలేవు. తిండి ద్వారానే అందాలి. పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోల గులాబీ రంగు కూడా తిండి నుంచి వచ్చిందే. ఆరుబయట తిరగని కోడికి, తొట్టిలో పెరిగే చేపకు ఆ అవకాశం లేదు కనుక మేతలో కలుపుతారు.

ఇందుకు ముఖ్యంగా మూడు రకాలు వాడతారు.

హిమటోకాకస్: మంచినీటి పచ్చ నాచు. ఎండ తీవ్రమై, పోషకాలు తగ్గితే తనను కాపాడుకోవడానికి ఎర్రబడుతుంది. ఆ ఎరుపే అస్టాజాంథిన్. సాల్మన్ చేప కండకు రంగునిచ్చేది ఇదే. పచ్చి రొయ్యలో ఇది ప్రొటీన్‌తో కలిసి నీలి బూడిదగా ఉంటుంది. ఉడికిస్తే ఆ బంధం విడిపోయి ఎర్రగా బయటపడుతుంది. ఈ నాచు కణాల గోడ గట్టిది. పగలగొట్టిన పొడి అయితేనే ఒంటబడుతుంది. కృత్రిమ అస్టాజాంథిన్ కన్నా దీని ధర బాగా ఎక్కువ.

డునాలియెల్లా: ఉప్పు మడుల్లో పెరిగే నాచు. ఎండబెట్టిన బరువులో 10 శాతం దాకా బీటా కెరోటిన్ ఉండగలదు. ఒంట్లో ఇది విటమిన్ ఎ గా మారుతుంది.

స్పిరులినా: వాడుకలో నాచు అంటున్నా, ఇది నిజానికి సయనోబాక్టీరియా. జియాజాంథిన్, బీటా కెరోటిన్‌తో పాటు ప్రొటీన్ కూడా దండిగా ఉంటుంది. గోల్డ్‌ఫిష్, కోయి చేపల మేత ప్యాకెట్లపై దీని పేరు కనిపించేది అందుకే.

కోళ్ల ఫారాల్లో సొనకు రంగునిచ్చేది ఎక్కువగా పసుపు మొక్కజొన్న, బంతిపూల సారం. కర్ణాటక, తమిళనాడు రైతులు ఈ సారం కోసమే బంతి వేస్తారు. మొక్కజొన్న తగ్గించి నూకలు పెడితే సొన పాలిపోతుంది, అంతేగాని గుడ్డులో ప్రొటీన్ తగ్గదు. మేత మార్చిన పది రోజుల్లోనే సొన రంగు మారుతుంది.

రంగుకు గిరాకీ ఉన్నచోట మోసమూ ఉంటుంది. 2006లో చైనాలో ఎర్రసొన బాతు గుడ్లలో సూడాన్ రంగు బయటపడింది. అది పరిశ్రమల్లో వాడే రంగు, తిండికి పనికిరాదు. కాంథజాంథిన్ అనే మరో వర్ణకం అతిగా తీసుకున్న మనుషుల కంటి రెటీనాలో స్ఫటికాలు కనిపించాయి. దాంతో యూరోపియన్ యూనియన్ 2003లో గుడ్ల కోళ్ల మేతలో దాని పరిమితిని కిలోకు 8 మిల్లీగ్రాములకు తగ్గించింది.

ఇంట్లో కోళ్లు, చేపలు పెంచేవారికి:
• చెరువు మీద తేలే పచ్చ తెట్టు స్పిరులినా కాదు. అందులో విషం ఉండే రకాలుంటాయి; ఎత్తి మేతలో కలపకండి.
• వర్ణకాలు వెలుతురుకు, వేడికి, గాలికి చెడిపోతాయి. పొడిని మూత బిగించి చీకట్లో ఉంచండి.
• పెరటి కోళ్లకు పొడి కొనక్కర్లేదు. మునగాకు, తోటకూర వేసినా సొనకు రంగు వస్తుంది.
• గుడ్డు కొనేటప్పుడు సొన రంగు కన్నా తాజాదనం చూడండి. నీళ్లలో వేస్తే తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది.