ఏటికొప్పాక లక్కబొమ్మలు: ముద్ర, మినహాయింపు

వరాహ నదీతీరంలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్‌పై తిప్పుతూ, రంగు కలిపిన లక్కను పూసి బొమ్మలు రూపొందిస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో రసాయన రంగులు ప్రవేశించి మొక్కల రంగులను వెనక్కి నెట్టాయి. ఆ శతాబ్దపు చివరి దశకాల్లో సి.వి. రాజు ప్రభృతుల కృషితో పసుపు, నీలి వంటి వృక్షజనిత వర్ణాలు పునరుద్ధరింపబడ్డాయి. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

2020 నాటి ఆటబొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుండి ఐఎస్‌ఐ ముద్రను తప్పనిసరి చేసింది. నమోదిత హస్తకళాకారుల ఉత్పత్తులకు, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకు 2020 డిసెంబరు సవరణ మినహాయింపునిచ్చింది. దీనివల్ల చిన్న కళాకారులకు పరీక్షల భారం తప్పింది. అయితే భౌగోళిక గుర్తింపు తెలిపేది పుట్టినచోటును, దానితో ముడిపడిన విశిష్టతను మాత్రమే. రంగులో సీసం లేదన్న హామీ అందులో లేదు. అందువల్ల పసిబిడ్డ నోట పెట్టుకొనే బొమ్మ భద్రత కళాకారుని రంగుల ఎంపికపైనే ఆధారపడుతున్నది. కాబట్టి మొక్కల రంగుల పునరుద్ధరణను కళాచరిత్రలోనే కాక, భద్రతాచరిత్రలోనూ భాగంగా పరిగణించవలసి ఉంది.